ఎత్తు పనివేదికలపై హార్నెస్, లాన్యార్డ్ వాడకం

బూమ్ లిఫ్ట్, సిజర్ లిఫ్ట్, వీధి దీపాలు బాగుచేసే స్కై లిఫ్ట్ వంటివి మనిషిని ఎత్తుకు చేర్చి, అక్కడే నిలబెట్టి పని చేయించే యంత్రాలు. వీటన్నిటినీ కలిపి ఎత్తు పనివేదికలు అంటారు. వీటి మీద పనిచేసేవారు భుజాల నుంచి తొడల దాకా ఒంటికి తొడుక్కునే పట్టీల కూర్పు హార్నెస్. దాన్ని యంత్రానికి కలిపే పొట్టి తాడు లేదా పట్టీ లాన్యార్డ్. పరంజాల మీద, ఇనుప దూలాల మీద, సెల్ టవర్ల మీద వాడే సామగ్రి కూడా ఇదే. అందువల్ల అక్కడి అలవాటే ఇక్కడికీ సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. టవరు మీద లాన్యార్డ్ చేసే పని, పడ్డ మనిషిని నేల తగలకముందే ఆపడం. బూమ్ లిఫ్ట్ బుట్టలో దాని పని, మనిషిని అసలు బుట్ట దాటనివ్వకపోవడం. లాన్యార్డ్ ఎంత పొడవుండాలి, ఎక్కడ తగిలించాలి, ఏ యంత్రం మీద అది తప్పనిసరి, ఏ యంత్రం మీద అక్కర్లేదు అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ తేడాలోనే ఉంది.

యంత్రాలు, వాటి తరగతులు

కొసకు బుట్ట తగిలించిన బూమ్‌ను 1944లో అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన జే ఐటెల్ రూపొందించాడని చెబుతారు. నిచ్చెన వేసుకుని చెర్రీ పళ్లు కోయడంలోని యాతనే ఆ ఆలోచనకు మూలమట. అమెరికాలో ఈ యంత్రానికి ఇప్పటికీ ‘చెర్రీ పికర్’ అన్న పేరుండటానికి కారణం అదే. తన చక్రాల మీద తానే నడిచే బూమ్ లిఫ్ట్‌ను మార్కెట్లో నిలబెట్టినవాడు జాన్ గ్రోవ్. ఆయన 1969లో పెన్సిల్వేనియాలో జేఎల్‌జీ కంపెనీ పెట్టాడు. తొలి యంత్రం మరుసటి ఏడాది బయటికొచ్చింది.

నేడు అంతర్జాతీయ ప్రమాణాలు ఈ యంత్రాలను రెండు గుంపులుగా విడదీస్తాయి. వేదిక నిట్టనిలువునా లేచి, యంత్రం చక్రాల పరిధిలోనే ఉండిపోతే అది ‘ఎ’ గుంపు. సిజర్ లిఫ్ట్ ఈ గుంపులోది. బూమ్ చాచినప్పుడు బుట్ట ఆ పరిధి దాటి బయటికి వెళ్లగలిగితే అది ‘బి’ గుంపు. ఎత్తున ఉండగా యంత్రాన్ని నడపవచ్చా లేదా, నడిపితే కింద నుంచా, పైనున్న బుట్టలోంచా అన్నదాన్ని బట్టి 1, 2, 3 అనే రకాలు. అద్దెకు దొరికే మామూలు బూమ్ లిఫ్ట్ 3బి, సిజర్ లిఫ్ట్ 3ఎ. హార్నెస్ విషయంలో ‘ఎ’, ‘బి’ల తేడాయే కీలకం.

మనిషి బుట్టలోంచి ఎలా పడతాడు

బుట్ట చుట్టూ సుమారు 1.1 మీటర్ల ఎత్తున కటకటాలు ఉంటాయి. నడుము పైదాకా కంచె ఉండగా మనిషి ఎలా పడతాడన్న సందేహం సహజమే. కొందరు పని అందక కటకటాల మీదికెక్కుతారు, బుట్టలో నిచ్చెన వేస్తారు, బకెట్ బోర్లించి దాని మీద నిలబడతారు. వీటిని క్రమశిక్షణతో ఆపవచ్చు. రెండో రకం పడటంలో మాత్రం మనిషి తప్పు ఏమీ ఉండనక్కర్లేదు.

పొడవాటి బూమ్ కింద జరిగే చిన్న కదలికను పైన పెద్దది చేస్తుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 2 మీటర్లనుకుందాం. ఒక చక్రం 10 సెంటీమీటర్ల గుంతలో దిగితే, 15 మీటర్ల ఎత్తులో ఉన్న బుట్ట దాదాపు 75 సెంటీమీటర్లు పక్కకు ఊగుతుంది. బూమ్ ఉక్కుకు ఉండే సాగుడు వల్ల ఆ ఊపు ఒక్కసారితో ఆగదు. బుట్ట ఒకవైపు వెళ్లి చటుక్కున వెనక్కి లాగుతుంది. లోపలి మనిషి ఒడిసెలలోంచి వదిలిన రాయిలా కటకటాల పైనుంచి ఎగిరిపోతాడు. రోడ్డు అంచు గట్టు దిగినా, తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌లో చక్రం పడినా ఇదే జరుగుతుంది. బుట్ట అంచు ఏ దూలం కిందో ఇరుక్కుని, ఆపరేటర్ విడిపించబోతే ఒక్కసారిగా ఊడివచ్చినా, దారిన పోయే లారీ బూమ్‌ను రాసుకుపోయినా, నరికిన చెట్టు కొమ్మ బుట్ట మీద పడినా ఫలితం అంతే.

ఈ ముప్పు ఎక్కువ ఎత్తులోనే ఉంటుందనుకోవడం పొరపాటు. బూమ్ కాస్త లేపి యంత్రాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి నడుపుకుంటూ వెళ్లేటప్పుడు కూడా మనిషి ఎగిరిపడతాడు. కాబట్టి హుక్ తగిలించాల్సింది పైకి చేరాక కాదు. బుట్టలోకి అడుగుపెట్టి, గేటు మూసి, మీటలు ముట్టుకునే ముందే తగిలించాలి. విప్పాల్సింది బూమ్ పూర్తిగా దిగి, యంత్రం ఆగాక.

లాన్యార్డ్ పొడవు

పడే మనిషిని ఆపడానికి ఎంత బలం కావాలో చిన్న లెక్కతో తెలుస్తుంది. 2 మీటర్లు స్వేచ్ఛగా పడిన మనిషి సెకనుకు 6 మీటర్లకు పైగా వేగం అందుకుంటాడు. పనిముట్లతో కలిపి 80 కిలోలున్న మనిషిని ఆ వేగం నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ఆపేస్తే, అతని ఒంటి మీద సగటున 880 కిలోల బరువుకు సమానమైన బలం పడుతుంది. సాగని తాడు చేసే పని ఇదే. అదే మనిషిని మీటరు దూరంలో నెమ్మదిగా ఆపితే ఆ బలం 240 కిలోలకు తగ్గుతుంది. షాక్ అబ్జార్బర్ ఉన్నది ఇందుకే. మడిచి కుట్టిన పట్టీ, లాగుడు పడినప్పుడు కుట్లు వరుసగా తెగుతూ పొడవు సాగి దెబ్బను మింగుతుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 355 ప్రకారం అలా ఆపేటప్పుడు బలం 6 కిలోన్యూటన్లు, అంటే సుమారు 610 కిలోలు, దాటకూడదు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నియమాల్లో ఆ హద్దు 8 కిలోన్యూటన్లు.

ఇది మనిషి తట్టుకోగల హద్దే కావచ్చు, యంత్రం మాటేమిటి? చాలా బూమ్ లిఫ్టుల బుట్టల మీద రాసి ఉండే గరిష్ఠ బరువు 230 కిలోల దగ్గర ఉంటుంది. ఇద్దరు మనుషులు, వాళ్ల పనిముట్లతోనే అది నిండిపోతుంది. బూమ్ దూరంగా చాచి ఉన్నప్పుడు దాని కొసన 600 కిలోల గుంజుడు ఒక్కసారిగా పడితే బుట్ట మళ్లీ ఊగుతుంది, లోపల మిగిలిన మనిషి కూడా ప్రమాదంలో పడతాడు, యంత్రం నిలకడకే ముప్పు రావచ్చు.

కింద ఉండాల్సిన ఖాళీ సంగతి కూడా చూడాలి. 2 మీటర్ల లాన్యార్డ్, అబ్జార్బర్ పూర్తిగా సాగితే 1.75 మీటర్లు, వీపు మీది రింగు నుంచి పాదాల దాకా 1.5 మీటర్లు, పట్టీల సాగుడుకు, భద్రతకు మరో మీటరు కలిపితే 6 మీటర్లు దాటుతుంది. బుట్టలో తగిలించే చోటు నేల నుంచి 4 మీటర్ల ఎత్తులో ఉంటే, మనిషి లాన్యార్డ్‌తో సహా నేలను తాకుతాడు. హార్నెస్ ఉంది, అబ్జార్బర్ ఉంది, హుక్ కూడా వేశాడు. అయినా దెబ్బ తప్పదు. తనిఖీ కాగితం మీద మాత్రం అన్ని గడులూ టిక్కు పెట్టే ఉంటాయి.

ఈ కారణాల వల్లే ఐపాఫ్ అని పిలిచే అంతర్జాతీయ పవర్డ్ యాక్సెస్ సమాఖ్య బూమ్ లిఫ్టుల్లో పూర్తి ఒంటి హార్నెస్‌తో పాటు, పొడవు సర్దుకునే వీలున్న పొట్టి లాన్యార్డ్ వాడమంటుంది. మనిషి బుట్టలో నాలుగు మూలలకూ కదిలి పని చేసుకోవాలి, కటకటాల పైనుంచి మాత్రం దాటిపోకూడదు. లాన్యార్డ్ పొడవుకు ఇదే కొలత. టవర్ పనులకు కొన్న, రెండు హుక్కులుండే 2 మీటర్ల జంట లాన్యార్డ్‌ను బుట్టలో వాడటం మన సైట్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు. అది మనిషిని బయటికి పడనిస్తుంది, పైగా కాళ్లకు అడ్డం పడుతుంది. దాన్ని మధ్యలో ముడివేసి పొట్టి చేయడం ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే ముడి పడిన చోట తాడు బలం బాగా తగ్గిపోతుంది. తనంతట తాను చుట్టుకునే రిట్రాక్టబుల్ రకాలను కూడా, కాళ్ల ఎత్తున తగిలించి వాడవచ్చని తయారీదారు చెప్పినప్పుడే బుట్టలో వాడాలి. వాటిలో చాలావరకు తల పైన తగిలించడానికి చేసినవి.

సిజర్ లిఫ్ట్

సిజర్ లిఫ్ట్ వేదిక చక్రాల పరిధి దాటదు కాబట్టి బూమ్‌లో కనిపించే విసురు దీనిలో ఉండదు. చుట్టూ ఉన్న కటకటాలే ఇక్కడ అసలు రక్షణ. అమెరికా ఓషా దీన్ని కదిలే పరంజాగా లెక్కిస్తుంది. కటకటాలు సరిగ్గా ఉంటే హార్నెస్ తప్పనిసరి అనదు. ఐపాఫ్ అభిప్రాయం కూడా దాదాపు ఇదే. తయారీదారు చెప్పినా, పని స్వభావాన్ని బట్టి ముప్పు అంచనా వేసి అవసరమని తేల్చినా మాత్రం తొడుక్కోవాలి.

మన దేశంలో పెద్ద ప్రాజెక్టులు చాలావాటిలో సిజర్ లిఫ్ట్ ఎక్కినా హార్నెస్ ఉండాల్సిందే. ఒకే నియమం ఉంటే అమలు తేలికని భద్రతాధికారులు అంటారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. అయితే తగిలించే చోటే లేని సిజర్ లిఫ్టులో మనిషి హుక్‌ను కటకటానికి తగిలించి, ఆ ధీమాతో దాని మీదికెక్కితే, ఆ నియమం ఎవరినీ కాపాడదు.

తగిలించే చోటు

లాన్యార్డ్‌ను తయారీదారు గుర్తు వేసి ఇచ్చిన యాంకర్ పాయింట్‌కే తగిలించాలి. సాధారణంగా అది బుట్ట అడుగునో, మధ్య ఎత్తునో ఉంటుంది. పక్కనే ఎంతమందికో రాసి ఉంటుంది. సాధారణంగా ఒక పాయింట్‌కు ఒక మనిషే. కటకటాలు ఒరిగే మనిషిని ఆపడానికి చేసినవే కానీ, తాడు లాగుడును తట్టుకోవడానికి చేసినవి కావు. అందులోనూ గేటుకు తగిలించడం మరీ ప్రమాదం. కొన్ని అమెరికన్ యంత్రాల్లో పడ్డ మనిషిని ఆపే భారానికి కూడా సరిపడే యాంకర్లు ఉంటాయి. ఆ సంగతి యంత్రం మీద రాసి ఉంటేనే నమ్మాలి.

బుట్టలో నిలబడి పక్కనున్న స్తంభానికో, ఇనుప దూలానికో లాన్యార్డ్ తగిలించడం అమెరికా నియమాల్లో సూటిగా నిషేధం. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. మనిషి ఒక చోట కట్టేసి ఉండగా కాళ్ల కింది బుట్ట కదిలితే అతను రెంటి మధ్యా వేలాడతాడు, లేదా కటకటాలకు నొక్కుకుపోతాడు. బుట్టలోంచి దిగి కప్పు మీదికో, దూలం మీదికో వెళ్లడం మామూలు పని కాదు. దానికి విడిగా ప్రణాళిక, అనుమతి ఉండాలి. అలా వెళ్లేటప్పుడు జంట లాన్యార్డ్‌లో ఒక హుక్ కట్టడానికి తగిలించాకే బుట్టలోని రెండో హుక్ విప్పాలి. ఆ మధ్యకాలంలో రెండు హుక్కులూ తగిలి ఉన్నంతసేపు యంత్రాన్ని అంగుళం కూడా కదపకూడదు.

హుక్ ఎప్పుడూ తనంతట తాను మూసుకుని తాళం పడేదై ఉండాలి. తాళం లేని పాత రకం హుక్కులు రింగు మీద మెలిపడి వాటంతటవే ఊడిపోయేవి. అమెరికాలో 1998 జనవరి 1 నుంచి పడకుండా ఆపే వ్యవస్థల్లో వాటిని వాడనివ్వడం లేదు. నడుముకు మాత్రమే కట్టే బెల్టులు కూడా అదే రోజుతో ఆ వ్యవస్థల నుంచి తప్పుకున్నాయి. పడేటప్పుడు బెల్టు దెబ్బంతా పొట్ట మీద, వెన్ను మీద పడుతుంది, మనిషి దానిలోంచి జారిపోవచ్చు కూడా. హార్నెస్ ఆ బలాన్ని తొడలకు, కటి ఎముకకు, ఛాతీకి, భుజాలకు పంచుతుంది. మన సైట్లలో హార్నెస్‌నూ ‘సేఫ్టీ బెల్టు’ అనే పిలుస్తారు. స్టోరు నుంచి తెచ్చేటప్పుడు ఏది ఇచ్చారో చూసుకోవాలి.

తొడుక్కోవడం, చూసుకోవడం

హార్నెస్‌ను వీపు రింగు పట్టుకుని ఎత్తితే పట్టీలు వాటంతటవే విడిపోయి వేలాడతాయి. చొక్కాలా భుజాల మీద వేసుకుని, తొడ పట్టీలు మెలిక పడకుండా బిగించి, చివర్లో ఛాతీ పట్టీ పెట్టాలి. రింగు రెండు భుజాల ఎముకల మధ్య నిలవాలి. తొడ పట్టీ కింద చదునుగా పెట్టిన అరచేయి దూరాలి, పిడికిలి దూరకూడదు. వదులుగా ఉన్న తొడ పట్టీ పడినప్పుడు గజ్జల్లో చేసే గాయం ఎత్తు నుంచి పడ్డ గాయానికి తీసిపోదు. అయినా ఎండాకాలం మధ్యాహ్నం నాటికి తొడ పట్టీలు వదిలేసి తిరిగే మనుషులు ప్రతి సైటులోనూ కనిపిస్తారు. ఉక్కపోతకు బరువైన చవక హార్నెస్ తోడైతే వాళ్లను మాత్రమే తప్పుపట్టలేం.

పట్టీలు ఎక్కువగా పాలియెస్టర్‌తోనో, నైలాన్‌తోనో నేస్తారు. ఆమ్లాలు నైలాన్‌ను, క్షారాలు పాలియెస్టర్‌ను తింటాయి. సిజర్ లిఫ్ట్ బ్యాటరీల దగ్గర ఒలికిన ఆమ్లం, తడి సిమెంటు, పెయింటు, ఎండ, వెల్డింగ్ రవ్వలు – వీటిలో ఏది తగిలినా పట్టీ పైకి బాగానే కనిపిస్తూ బలం కోల్పోవచ్చు. వెల్డింగ్, గ్యాస్ కటింగ్ చేసేవారికి నిప్పుకు తట్టుకునే అరామిడ్ పట్టీలు దొరుకుతాయి.

తొడుక్కునే ప్రతిసారీ పట్టీని వేళ్ల మధ్య వంచి అంచుల్లో కోతలు, పోగులు లేచిన చోట్లు, గట్టిపడిన మచ్చలు వెతకాలి. కుట్లను పట్టీకి భిన్నమైన రంగు దారంతో వేయడం తెగిన కుట్టు కంటికి ఆనాలనే. బకిళ్లు, హుక్ స్ప్రింగు, అబ్జార్బర్ కవరు చూడాలి. చీటీ మీది సంఖ్య, తేదీ చదవగలిగేలా ఉండాలి. ఇవి కాక, తెలిసిన మనిషి వివరంగా పరీక్షించి రాసిపెట్టాలి. బ్రిటన్‌లో ఆరోగ్య, భద్రతా సంస్థ ఈ పరీక్షకు ఆరు నెలల గడువు సూచిస్తుంది, మొరటు పనుల్లో మూడు నెలలు. ఒకసారి పడిన బరువును ఆపిన హార్నెస్, లాన్యార్డ్ మళ్లీ పనికిరావు. వాటిని మూలన పడేస్తే ఎవరో ఒకరు తీసి వాడతారు కాబట్టి పట్టీలు కోసి పారేయాలి.

హార్నెస్ కాపాడలేనివి

కరెంటు తీగ తగిలితే హార్నెస్ చేసేదేమీ లేదు. కటకటానికీ పైదూలానికీ మధ్య మనిషి నలిగిపోతుంటే కూడా అంతే. దానికి బుట్ట మీద అమర్చే అదనపు రక్షణ కమ్ములు, సెన్సర్లు వేరే ఉన్నాయి. యంత్రమే ఒరిగిపోతే కట్టుకున్నవాడు చిక్కుకుపోతాడు, కట్టుకోనివాడు దూకి బతుకుతాడని ఒక వాదన సైట్లలో వినిపిస్తుంది. దూకేవాడు అదే ఎత్తు నుంచి అదే నేల మీద పడాలన్న సంగతి ఆ వాదనలో ఉండదు. ఒరిగిపోకుండా చూడటానికి నేల గట్టితనం, బరువు హద్దు, గాలి వేగం చూసుకోవాలి. ఆరుబయట వాడే యంత్రాలకు సాధారణంగా సెకనుకు 12.5 మీటర్లు, అంటే గంటకు 45 కిలోమీటర్లు, గాలి హద్దు.

బూమ్ లిఫ్టులో హార్నెస్ తప్పనిసరి అన్న నియమానికి నీళ్ల మీద పని ఒక్కటే నిజమైన మినహాయింపు. వంతెన కిందో, రేవులోనో బుట్ట నీళ్లలో పడితే కట్టి ఉన్న మనిషి దానితో పాటే మునుగుతాడు. మునిగిపోయే ముప్పే పెద్దదని అంచనాలో తేలితే హార్నెస్‌కు బదులు లైఫ్ జాకెట్ వేసుకోవాలి.

కింద ఉండాల్సిన మనిషి

పొట్టి లాన్యార్డ్ కట్టుకున్నా పైనున్న మనిషికి గుండెపోటు రావచ్చు, స్పృహ తప్పవచ్చు, మీటలు పనిచేయకపోవచ్చు. ఒకవేళ బయటికి పడి హార్నెస్‌లో వేలాడితే, కదలకుండా నిటారుగా ఉన్న ఒంట్లో రక్తం కాళ్లలో నిలిచిపోయి కొద్దిసేపట్లోనే ప్రాణం మీదికొస్తుంది. అగ్నిమాపక దళం వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు. ప్రతి యంత్రానికీ కింద మరో జత మీటలు, అత్యవసరంగా దించే ఏర్పాటు ఉంటాయి. అవి ఎక్కడున్నాయో, ఎలా వాడాలో తెలిసిన మనిషి పని జరిగినంతసేపూ కిందే ఉండాలి. కింది తాళంచెవిని ఆపరేటర్ జేబులో వేసుకుని పైకి వెళ్తే ఈ ఏర్పాటంతా వృథా. అద్దె యంత్రాల్లో మోడల్ మారితే మీటల చోటు కూడా మారుతుంది. అందుకే యంత్రం దిగిన రోజునే ఒకసారి దించి చూపించమని అడగాలి.

చట్టాలు, మన పరిస్థితి

బ్రిటన్‌లో 2005 నాటి ఎత్తు పనుల నిబంధనలు ముందు పడకుండా ఆపే ఏర్పాట్లు చూడమంటాయి, పడ్డాక ఆపేవి తర్వాతే. మనుషులను ఎత్తే యంత్రాలను ఆరు నెలలకోసారి సమగ్రంగా పరీక్షించాలని అక్కడి 1998 నిబంధన. సింగపూర్‌లో 3 మీటర్లు దాటిన ఎత్తు నుంచి పడే ముప్పున్న పనికి 2013 నిబంధనల కింద వర్క్ పర్మిట్ కావాలి. ఐపాఫ్ శిక్షణ పొందినవారికిచ్చే పాల్ కార్డు ఐదేళ్లు చెల్లుతుంది. గల్ఫ్, సింగపూర్ నిర్మాణ సైట్లకు వెళ్లే తెలుగువారిలో చాలామందికి ఈ కార్డుల, శిక్షణల సంగతి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది.

మన దేశంలో ఫ్యాక్టరీల చట్టం 1948, భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996, దాని కింద 1998లో వచ్చిన కేంద్ర నియమాలు ఎత్తున పనిచేసేవారి రక్షణ బాధ్యతను యజమాని మీద పెట్టాయి. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతి ఇలాంటి 13 చట్టాలను ఒకచోట చేర్చింది. హార్నెస్‌లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 3521. పెద్ద కర్మాగారాల్లో, ప్రాజెక్టుల్లో ఎత్తు పనికి అనుమతించే హైట్ పాస్, వైద్య పరీక్ష, రోజువారీ పర్మిట్ అలవాటయ్యాయి. గోడౌన్ల షీట్లు వేసేచోట, హోర్డింగులు కట్టేచోట, ఊళ్లలో వీధి దీపాల దగ్గర మాత్రం హార్నెస్ ఇంకా తనిఖీ రోజున తొడుక్కునే వస్తువే.

అయినా పెద్ద సైట్లలో ఇప్పుడు కొరత హార్నెస్‌లది కాదు, సరైన లాన్యార్డ్‌ది. స్టోరులో అందరికీ ఒకే రకం, టవరుకూ పరంజాకూ సరిపోయే 2 మీటర్ల జంట లాన్యార్డ్ కొని పెడుతున్నారు. బూమ్ లిఫ్ట్ అద్దెకు తెచ్చే కాంట్రాక్టర్లు, ఆర్డరు రాసే ఇంజినీర్లు ఆ యంత్రంతో పాటే ఒక్కో మనిషికి ఒక్కో సర్దుబాటు లాన్యార్డ్‌ను కూడా కొనుగోలు జాబితాలో రాయండి. దాని ఖరీదు యంత్రం ఒక్కరోజు అద్దె కంటే తక్కువే.